మంచు ఊళ్లో ఒక సీజన్ పనిచేయాలనుంది – మన నెల్లూరు, ప్రకాశం వాళ్లు ఎవరైనా పోయారా?

ఇస్కపల్లి_అల | కావలి | 2025 సెప్టెంబరు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. రెండేళ్లుగా నెల్లూరులో ఒక హోటల్లో సర్వీస్ సైడ్ చేస్తున్నా. నాన్నకు ఇస్కపల్లి వైపు కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువులు రెండు ఉన్నాయి. చలికాలంలో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు భయానికి చెరువులు ఎండబెడతాం. అందుకని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంటి దగ్గర నాతో పెద్దగా పని ఉండదు.

విషయం ఏందంటే, మంచు పడే ఊళ్లో ఒక సీజన్ మొత్తం ఉండి పనిచేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. టూరిస్టులా మూడు రోజులు పోయి ఫోటోలు దిగి రావడం కాదు. అక్కడే ఉండాలి, అక్కడి వాళ్లతో పనిచేయాలి, వారంలో సెలవు దొరికిన రోజు స్కీయింగ్ నేర్చుకోవాలి. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే ఉన్నా. మంచు మాత్రం కంటితో చూడలేదు.

మూడు సంగతులు తెలుసుకోవాలి. గుల్మార్గ్, మనాలి, ఔలీ లాంటి చోట్ల బయట రాష్ట్రాల వాళ్లకు సీజన్ ఉద్యోగం ఇస్తారా? విదేశాల్లో అయితే దారి ఏది? ఇంట్లో వాళ్లను ఎట్టా ఒప్పించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

బ్యారన్_బాబాయ్ | టంగుటూరు | సెప్టెంబరు 4, రాత్రి 10:15

అబ్బాయ్, సీజన్ పని మన జిల్లాలకు కొత్త కాదు. మా దగ్గర జనవరి నుంచి మార్చి దాకా బ్యారన్ దగ్గర, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర పని, తర్వాత గ్రేడింగు, ఆ తర్వాత వేలం. ఆ నాలుగైదు నెలల సంపాదనే ఏడాదంతా తిండి. కనిగిరి, పామూరు వైపు వాళ్లు బెంగళూరుకు కాంక్రీటు పనికి పోయేది కూడా సీజన్ లెక్కనే. కాబట్టి అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

నేను చెప్పేది ఒక్కటే. కూలి ఎంత, తిండి ఎవరిది, పడక ఎక్కడ, తిరుగు ఛార్జీ ఎవరిస్తారు. ఈ నాలుగూ తేలకుండా ఇంటి గడప దాటొద్దు. పొగాకు కూలీలను పిలిపించుకునేటప్పుడు మేం ఇవే మాట్లాడుకుంటాం. మంచు దగ్గరైనా లెక్క మారదు.

---

కొంగ్‌డూరి | కొండపి | సెప్టెంబరు 5, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, నేను 2022-23లోనూ, 2023-24లోనూ రెండు సీజన్లు గుల్మార్గ్‌లో చేశాను. ఇప్పుడు ఒంగోలులో నా సొంత పని చూసుకుంటున్నా. నాకు తెలిసింది మొత్తం రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

అక్కడ సీజన్ డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా. హోటళ్ల వాళ్లు సెప్టెంబరు, అక్టోబరులోనే మనుషులను మాట్లాడుకుంటారు. ఎక్కువగా షెఫ్‌లు తమకు తెలిసినవాళ్లను వెంట తెచ్చుకుంటారు. నేను కూడా అట్టా పోయినవాణ్ణే. బెంగళూరులో నాతో పనిచేసిన ఉత్తరాఖండ్ షెఫ్ ఒకాయన పిలిచాడు. హోటల్లో వంట, సర్వీసు, హౌస్‌కీపింగ్ పనులు బయటవాళ్లకూ దొరుకుతాయి. స్కీ గైడ్లు, స్లెడ్జి లాగేవాళ్లు, గుర్రాల వాళ్లు మాత్రం అక్కడి మనుషులే. అది వాళ్ల బతుకుతెరువు, దాంట్లోకి మనం చొరబడకూడదు.

నాకు మొదటి సీజన్ జీతం నెలకు 16,000. తిండి, పడక వాళ్లదే. పడక అంటే నలుగురికి ఒక గది. మొదటి రోజు సర్వీసు ఇస్తారనుకుంటే 11 గదుల బుఖారీలు అప్పజెప్పారు. బుఖారీ అంటే రేకు పొయ్యి, కట్టెలు వేసి గది వెచ్చగా ఉంచేది. పొగ గొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది. గెస్టులు పడుకునేముందు ఒకసారి, తెల్లారి నాలుగున్నరకు ఇంకోసారి రగిలించాలి.

నేను బ్యారన్ దగ్గర నాన్నతో రాత్రిళ్లు కాపలా పడుకుని పెరిగినవాణ్ణి. ఆకు పసుపు తిరిగేదాకా వేడి 35, 38 డిగ్రీల దగ్గర నిలపాలి. అక్కడినుంచి మెల్లగా పెంచుకుంటూ ఈనె ఆరేసరికి 70 దాకా తీసుకుపోవాలి. ఒక్క కునుకు తీస్తే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. ఆ అలవాటు గుల్మార్గ్‌లో అక్కరకొచ్చింది. ఏ కట్టె ఎంతసేపు కాలుతుందో, ఎప్పుడు గాలి తగ్గించాలో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. రెండో వారంలో మేనేజరు వచ్చి ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. పొగాకు సంగతి చెప్తే చాలాసేపు విన్నాడు. ఆ నెల నుంచే నన్ను సర్వీసులోకి మార్చాడు.

చలి గురించి. గుల్మార్గ్ ఉండేదే 2,650 మీటర్ల ఎత్తులో. డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు దాకా 40 రోజులను వాళ్లు చిల్లై కలాన్ అంటారు, అన్నిటికన్నా గట్టి చలి అప్పుడే. రాత్రి కొళాయిని సన్నగా కారేటట్టు వదిలేయాలి, లేకుంటే పొద్దునకు పైపులో నీళ్లు గడ్డకడతాయి. కాటన్ బనియన్లు, కాటన్ సాక్సులు వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చలిని లోపలికి దించుతాయి. ఉన్ని సాక్సులు నాలుగు జతలు, థర్మల్స్ రెండు జతలు, మంచి నల్ల కళ్లద్దాలు ముఖ్యం. మంచు మీద పడిన ఎండ తిరిగి కళ్లలోకి కొడుతుంది. మన రోహిణి కార్తె ఎండకు మాడనివాడి మొహం కూడా అక్కడ మాడుతుంది.

తిండికి దిగులు పడాల్సిన పని లేదు. కాశ్మీరీలు మనలాగా రెండు పూటలా అన్నమే తింటారు, బత్తా అంటారు. హాక్ అని ఒక ఆకుకూర వండుతారు. నీళ్లు నీళ్లుగా, మిరపకాయ వేసి, అన్నంలో కలుపుకుంటే నాకు మా అమ్మ చేసే తోటకూర పులుసు గుర్తొచ్చింది. నూన్ చాయ్ ఉప్పటి టీ, గులాబీ రంగులో ఉంటుంది. అలవాటయ్యేదాకా కష్టం, అలవాటయ్యాక మానలేం.

ఇంకో మాట, ఇది అందరూ మరిచిపోతారు. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కాశ్మీర్‌లో పనిచేయదు. బయల్దేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకో. నేను మార్చుకోలేదు. ఆరు రోజులు ఇంటికి ఫోన్ లేదు. అమ్మ ఆ ఆరు రోజులూ నిద్రపోలేదంట.

స్కీయింగ్ గురించి రేపు రాస్తా.

---

బ్యారన్_బాబాయ్ | టంగుటూరు | సెప్టెంబరు 5, మధ్యాహ్నం 2:05

కొండపి అబ్బాయ్, బ్యారన్ పని హిమాలయాల్లో పనికొచ్చిందని చదివి నా కడుపు నిండింది. మీ నాన్నగారికి ఈ మాట చదివి వినిపించావా? లేకపోతే ఇవాళే వినిపించు.

---

కందుకూరు_అమ్మ | కందుకూరు | సెప్టెంబరు 5, సాయంత్రం 6:50

బాబూ, నాకు నీ వయసు కొడుకు ఉన్నాడు, అందుకని రాస్తున్నా. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్లలో మన జిల్లా మనిషి కూడా ఉన్నాడు. ఆ రోజుల్లో కావలి ఎట్టా ఉందో నీకే బాగా తెలుసు. ఇంకా ఏడాది కూడా తిరగలేదు. మీ అమ్మ దగ్గర కాశ్మీర్ అనే పేరు ఎట్టా ఎత్తుతావు?

నిన్ను ఆపాలని కాదు. మంచు ఒక్క కాశ్మీర్‌లోనే పడుతుందా అని అడుగుతున్నా.

---

కొంగ్‌డూరి | కొండపి | సెప్టెంబరు 5, రాత్రి 9:30

అమ్మా, మీరు చెప్పింది నిజం. నేను ఉన్న రెండు సీజన్లలో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నాతో పనిచేసిన కాశ్మీరీ పిలకాయలు నన్ను వాళ్ల ఇళ్లకు తీసుకుపోయి, కాంగ్రీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని తినిపించారు. కాంగ్రీ అంటే అల్లిన బుట్టలో మట్టి కుండ, దాంట్లో నిప్పులు. ఫెరన్ అనే పొడుగు చొక్కా లోపల పెట్టుకుంటారు. పహల్గాం తర్వాత వాళ్లలో ముగ్గురు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. టూరిస్టులు రాకపోతే వాళ్ల పొయ్యి కూడా వెలగదు.

అయినా భయం లేదని నేను ఒక తల్లికి చెప్పను. ఇంట్లో ఒప్పుకోకపోతే మనాలి ఉంది, ఔలీ ఉంది. తమ్ముడూ, అమ్మ మాట కాదని మాత్రం పోవద్దు.

---

దర్శి_పీఈటీ | దర్శి | సెప్టెంబరు 6, ఉదయం 7:10

నేను పీఈటీని, ఆడమనిషిని. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థలో స్కీయింగ్ బేసిక్ కోర్సు చేశాను. ప్రభుత్వ సంస్థ. సోలాంగ్‌లో నేర్పిస్తారు. రెండు వారాలు, ఉండేది తినేది ఫీజులోనే. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మెట్లుంటాయి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇంకో సంస్థ ఉంది. ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు 7 రోజులు, 14 రోజుల కోర్సులు నడుపుతారు. ఈ సీట్లు త్వరగా నిండిపోతాయి, ఇప్పుడే చూసుకో.

మొదటి రోజు మూడు గంటలు నిలబడటమే నేర్పారు. స్కీలు ముందు కొనలు దగ్గరగా, వెనక మడమలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. చెప్పడానికి ఇంతే. తొడలు మాత్రం మూడు రోజులు మంట. పడేటప్పుడు పక్కకు ఒరిగి పడాలి, వెనక్కి కూర్చుంటే మోకాలు పోతుంది. నాలుగో రోజు మొదటిసారి పడకుండా కిందదాకా వచ్చాను. కింద ఆగి వెనక్కి తిరిగి చూస్తే నా స్కీల గీతలు రెండు కొండ మీద కనపడ్డాయి. ఆ గీతల ఫోటో ఇప్పటికీ నా ఫోన్ మీద వాల్‌పేపర్.

మన దక్షిణాది వాళ్లకు రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొడగు అమ్మాయి భవానీ తెక్కడ క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో దేశం తరఫున పోటీ చేస్తోంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి పాల్గొన్నది ఒక్క ఆరిఫ్ ఖాన్. వాళ్ల నాన్న గుల్మార్గ్‌లో స్కీ సామాన్ల కొట్టు నడిపేవాడు. అంత పెద్ద దేశం తరఫున ఒక్కడు. మన పిల్లలకు ఎంత చోటుందో ఆలోచించండి.

---

పొదలకూరు_నిమ్మ | పొదలకూరు | సెప్టెంబరు 6, మధ్యాహ్నం 12:30

విదేశాల దారి అడిగావు కాబట్టి నాకు జరిగింది చెప్తా.

రెండేళ్ల కిందట స్విట్జర్లాండ్‌లో స్కీ రిసార్టులో కిచెన్ హెల్పర్ ఉద్యోగం అని ఒక ఏజెంట్ చెప్పాడు. నెలకు రెండున్నర లక్షలు అన్నాడు. ఆఫర్ లెటర్ చూపించాడు, స్టాంపులు సంతకాలు అన్నీ ఉన్నాయి. మొత్తం 1,80,000 కట్టాను. అందులో లక్ష అమ్మ గాజులు కుదవ పెట్టి తెచ్చింది. వీసా అపాయింట్‌మెంట్ ఇవాళ, రేపు అని ఐదు నెలలు తిప్పాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ లెటర్‌లో ఉన్న హోటల్‌కు నేనే మెయిల్ పెట్టాను. మా దగ్గర అలాంటి ఉద్యోగం లేదు, ఆ సంతకం మాది కాదు అని మర్యాదగా జవాబిచ్చారు. ఆ మెయిల్ మొదటి రోజే పెట్టి ఉంటే అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండేవి. ఇప్పుడు నిమ్మకాయల యార్డులో పనిచేసి వాటిని విడిపించాను, మొన్న ఉగాదికి.

నేను కష్టపడి తెలుసుకున్నది రాస్తున్నా. ఉద్యోగానికి విదేశాలకు పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు, నంబరు వెతికితే దొరకాలి. సర్వీస్ ఛార్జీ 30,000, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఎవడైనా లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయ్.

---

మోడరేటర్ | సెప్టెంబరు 6, మధ్యాహ్నం 1:15

పై పోస్టులో ఏజెంట్ పేరు, ఊరు తీసేశాను. కేసు నడుస్తున్నందువల్ల ఇక్కడ ఉంచలేం. మిగతాదంతా అలాగే ఉంచాను. దయచేసి అందరూ చదవండి.

---

జిందబైన్_నుంచి | నెల్లూరు, మాగుంట లేఅవుట్ | సెప్టెంబరు 6, సాయంత్రం 4:45

నేను ఇది ఆస్ట్రేలియాలో జిందబైన్ అనే ఊరి నుంచి రాస్తున్నా. ఇక్కడ సీజన్ జూన్‌లో మొదలై అక్టోబరు మొదట్లో అయిపోతుంది. మనకు ఎండలు, వానలు ఉన్నప్పుడు ఇక్కడ మంచు. చెరువు పక్కన ఊరు, పైన థ్రెడ్‌బో, పెరిషర్ అని రెండు పెద్ద రిసార్టులు. పెరిషర్‌కు సొరంగంలోంచి రైలు పోతుంది. ఎంత ఎత్తనుకుంటున్నారు, ఈ దేశంలో అన్నిటికన్నా పెద్ద కొండే 2,228 మీటర్లు. గుల్మార్గ్ ఊరే దానికన్నా ఎత్తు.

నేను వచ్చిన దారి వర్క్ అండ్ హాలిడే వీసా, 462 అంటారు. భారతీయులకు 2024లో మొదలైంది. ఏడాదికి 1,000 మందికి, 18 నుంచి 30 ఏళ్ల వయసు వాళ్లకు. ముందు బ్యాలెట్, అంటే లాటరీ లాంటిది. దానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. పేరు వస్తేనే వీసాకు అప్లై చేయాలి. కనీసం రెండేళ్ల కాలేజీ చదువు, ఇంగ్లీషు పరీక్ష, ఖాతాలో 5,000 డాలర్లు చూపించాలి. ఇందులో ఏజెంటు అవసరం ఎక్కడా లేదు. అక్కడి హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో మనమే చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తేదీలు కూడా అక్కడే పెడతారు.

నేను పనిచేసేది స్కీలు అద్దెకిచ్చే షాపులో. ఇక్కడ కనీస కూలి 2025 జూలై నుంచి గంటకు 24.95 డాలర్లు. మా వీసా వాళ్లకు పన్ను మొదటి డాలరు నుంచే 15 శాతం పోతుంది. ఇంటద్దె చూస్తే గుండె ఆగుతుంది, అందుకని ఉద్యోగంతో పాటు స్టాఫ్ రూం ఇస్తారా లేదా అన్నది జీతం కన్నా ముందు అడగాలి. పెద్ద రిసార్టులు జనవరి, ఫిబ్రవరిలోనే అప్లికేషన్లు తీసుకుంటాయి. మంచు పడ్డాక వచ్చి వెతికేవాళ్లకు మిగిలేది గిన్నెలు కడిగే పని. అది కూడా మంచి పనే, నేను మొదటి మూడు వారాలు అదే చేశాను.

షాపులో పని గురించి ఒక్కటి చెప్పాలి. మనిషి రాగానే బూటు తొడిగించి, మడమ కదులుతోందా అని చూస్తాం. తర్వాత బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా వచ్చు అని అడిగి, బూటు అడుగు పొడవు కొలిచి, దాన్ని బట్టి బైండింగు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, స్క్రూ తిప్పుతాం. ఆ అంకె ఎక్కువైతే పడినప్పుడు స్కీ ఊడదు, కాలు విరుగుతుంది. తక్కువైతే మధ్యలోనే ఊడిపోతుంది. రోజుకు 200 కాళ్లు నా చేతుల మీదుగా పోతాయి. సాయంత్రం వాళ్లు నవ్వుకుంటూ వచ్చి బూట్లు తిరిగి ఇస్తుంటే నాకు చాలా తృప్తిగా ఉంటుంది.

మాకు స్టాఫ్ పాస్ ఉంటుంది కాబట్టి సెలవు రోజున కొండంతా మాదే. మంగళవారం పొద్దున లిఫ్టు దగ్గర క్యూ ఉండదు. రాత్రి గదిలో కొలంబియా అబ్బాయి, జపాన్ అమ్మాయి, నేను కలిసి వండుకుంటాం. మొన్న నెల్లూరు చేపల పులుసు పెట్టాను. చింతపండు సిడ్నీ నుంచి తెప్పించాను, మామిడికాయ దొరకలేదు. మరుసటి రోజు ఇంకా బాగుంటుందని చెప్పినా వినకుండా ఆ రాత్రే గిన్నె ఊడ్చేశారు.

---

బాన్ఫ్_అక్క | ఒంగోలు | సెప్టెంబరు 7, ఉదయం 6:20

కెనడా సంగతి నేను చెప్తా. ఇక్కడి వర్కింగ్ హాలిడే పథకంలో మన దేశం లేదు. కాబట్టి మంచు కోసం నేరుగా రావడానికి సులువైన దారి లేదు. నేను ఇక్కడ చదువుకుని, పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద బాన్ఫ్‌లో హోటల్ ఫ్రంట్ డెస్కులో చేస్తున్నా. కేవలం స్కీ ఊళ్లో పని కోసం లక్షలు పోసి కాలేజీలో చేరమని నేను ఎవరికీ చెప్పను.

బాన్ఫ్ ఊరు నేషనల్ పార్కు లోపల ఉంది. ఇక్కడ ఇష్టమొచ్చినట్టు ఇల్లు తీసుకుని ఉండటానికి లేదు. పార్కులో ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్లే ఉండాలన్న నియమం ఉంది. అందుకే ఇల్లు దొరకడం పెద్ద టెన్షన్. మా హోటల్ వాళ్లు గది ఇచ్చారు కాబట్టి బతికిపోయాను. సన్‌షైన్ అనే కొండ మీద నవంబరు నుంచి మే దాకా మంచు ఉంటుంది. పొద్దున డ్యూటీకి నడిచి పోతుంటే ఎల్క్ అని పెద్ద దుప్పులు రోడ్డు మీద నిలబడి ఉంటాయి. అవి తప్పుకునేదాకా మనం ఆగాలి.

ఒంటరితనం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మొదటి ఏడాది సంక్రాంతి రోజు డ్యూటీ అయ్యాక గదికి వచ్చి బాగా ఏడ్చాను. రెండో ఏడాది భోగి రోజు హోటల్ వెనక స్టాఫ్ కోసం ఉన్న ఫైర్ పిట్ దగ్గర మంట వేసుకోవడానికి మేనేజరును అడిగాను. ఫిలిప్పీన్స్ వాళ్లు, ఆస్ట్రేలియా వాళ్లు, మనవాళ్లు ఇద్దరు, పది మంది వచ్చారు. పాత అట్టపెట్టెలు వేసి భోగి మంట అని చెప్పాను. మైనస్ 22లో ఆ మంట చుట్టూ నిలబడితే, భోగి మంట అనే మాటకు నాకు మొదటిసారి అర్థం తెలిసింది. తమ్ముడూ, నువ్వు ఎక్కడికి పోయినా మొదటి నెలలోనే ఇద్దరు స్నేహితులను చేసుకో. గదిలో ఒక్కడివే ఫోన్ చూస్తూ కూర్చోవద్దు.

---

కొంగ్‌డూరి | కొండపి | సెప్టెంబరు 7, రాత్రి 10:10

స్కీయింగ్ గురించి రాస్తానన్నాను. నాకు నేర్పింది తంగ్‌మార్గ్ అబ్బాయి, మా హోటల్ పక్కన అద్దె స్కీల కొట్టులో ఉండేవాడు. నేను వాడికి ఇంగ్లీషు మెనూ చదవడం నేర్పాను, వాడు నాకు స్కీయింగ్ నేర్పాడు. డబ్బు మాట రాలేదు.

గొండోలా, అంటే కొండ మీదికి తాడు మీద పోయే కేబుల్ కారు, రెండు అంచెలు. మొదటిది కొంగ్‌డూరి దాకా, నా పేరు అక్కడిదే. రెండోది అఫర్వత్ మీదికి, 3,900 మీటర్లు దాటుతుంది. కొత్తవాళ్లు కింద చదునుగా ఉన్న చోటే నేర్చుకోవాలి. రెండో అంచె పైన దారి గీసి ఉండదు, అవలాంచ్, అంటే మంచు చరియలు విరిగిపడే చోట్లు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం నుంచి ఊరంతా పైకే చూస్తూ ఉంది. సాయంత్రం డైనింగ్ హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ తర్వాత గైడు లేకుండా గీత దాటిపోదామని ఎవరు పిలిచినా నేను పోలేదు.

రెండో సీజన్ కష్టం కూడా చెప్పాలి. 2024 జనవరిలో మంచే పడలేదు. స్కీ వాలు మీద ఎండిన గడ్డి కనపడింది. బుకింగులు పోయాయి. మా హోటల్లో సగం మందిని ఇంటికి పంపారు, నాకు ఆ నెల సగం జీతమే ఇచ్చారు. రాసుకున్న కాగితం ఏదీ లేదు కాబట్టి అడగలేకపోయాను. బాబాయ్ పైన చెప్పిన నాలుగు లెక్కలూ నేను రెండో ఏడాది కూడా నోటిమాటగానే వదిలేశాను. నెలాఖరుకు మంచు పడింది. ఫిబ్రవరిలో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరిగాయి, మళ్లీ మమ్మల్ని పరుగులు పెట్టించారు. వాన కోసం చూసినట్టే అక్కడ మంచు కోసం చూస్తారు. మంచు పడకపోతే జీతం సంగతి ఏమిటి అన్నది కాగితం మీద రాయించుకో.

---

ఇస్కపల్లి_అల | కావలి | సెప్టెంబరు 9, రాత్రి 8:30

అందరికీ దండాలు. అన్నీ రెండుసార్లు చదివాను. ప్రింటు తీసి నాన్నకు ఇచ్చాను. నాన్న పొదలకూరు నిమ్మ అన్న రాసిన పోస్టు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నాడు, "డబ్బు కట్టే పని ఏదైనా వద్దు, డబ్బు వచ్చే పనికి పో". అమ్మ గుల్మార్గ్ వద్దంది. నేను కాదనలేదు. మనాలిలో వెతుకుతున్నా.

---

ఇస్కపల్లి_అల | కావలి | నవంబరు 2, రాత్రి 9:05

ఉద్యోగం దొరికింది. 31 హోటళ్లకు మెయిల్ పెట్టాను, నలుగురు జవాబిచ్చారు, ఒకరు వీడియో కాల్‌లో మాట్లాడారు. సోలాంగ్ దారిలో ఉంటుంది. డిసెంబరు 10 నుంచి మార్చి 15 దాకా. జీతం 17,500, తిండి, ముగ్గురికి ఒక గది, వారానికి ఒక సెలవు. బాబాయ్ చెప్పిన నాలుగు లెక్కలు, కొంగ్‌డూరి అన్న చెప్పిన మంచు లెక్క, మొత్తం ఐదూ మెయిల్‌లో రాయించుకున్నాను. మంచు తక్కువైనా మొదటి రెండు నెలలు పూర్తి జీతం అని ఒప్పుకున్నారు. తిరుగు ఛార్జీ మాత్రం సగమే.

దర్శి మేడం గారూ, బేసిక్ కోర్సుకు ఈ ఏడాది సెలవు కుదరదు. వారానికి ఒక రోజు సోలాంగ్‌లో నేర్చుకుంటా, వచ్చే ఏడాది కోర్సు చేస్తా.

---

దర్శి_పీఈటీ | దర్శి | నవంబరు 3, ఉదయం 6:40

చాలా సంతోషం. ఇవాళ్టి నుంచి రోజూ గోడ కుర్చీ వెయ్యి. ఒక నిమిషంతో మొదలుపెట్టి మూడు నిమిషాలకు రా. మెట్లు ఎక్కి దిగు. మీ దగ్గర ఇసుక ఉంది కదా, చెప్పులు లేకుండా ఇసుకలో పరుగెత్తు, చీలమండ గట్టిపడుతుంది. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్ల పైనే ఉంటుంది, దాటితే సిస్సు అనే ఊరు. ఒక సెలవు రోజు అక్కడికి పోయి రా. టన్నెల్‌కు ఇవతల ఒక కొండ, అవతల ఇంకో లోకం.

---

కందుకూరు_అమ్మ | కందుకూరు | నవంబరు 3, మధ్యాహ్నం 2:15

అమ్మ మాట విన్నావు, చల్లగా ఉండు నాయనా. కారంపొడి, పచ్చడి గాజు సీసాలో తీసుకుపోవద్దు, చలికి, కుదుపులకు పగులుతుంది. స్టీలు డబ్బాలో పెట్టించుకో. రోజూ రాత్రి ఒక్క మెసేజ్ పెట్టు, బాగున్నాను అని. అంతకన్నా పెద్దగా రాయాల్సిన పని లేదు.

---

ఇస్కపల్లి_అల | రైల్లో | డిసెంబరు 6, రాత్రి 11:50

నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఢిల్లీ దాకా ఇదే, అక్కడినుంచి బస్సు. ఒంగోలులో బండి ఆగగానే కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి "ఇస్కపల్లి అబ్బాయివి నువ్వేనా" అని అడిగారు. బ్యారన్ బాబాయ్. టంగుటూరు నుంచి బండి మీద వచ్చారంట. ఉన్ని మఫ్లర్, స్టీలు డబ్బా నిండా గోంగూర పచ్చడి ఇచ్చారు. మాట్లాడుకునేలోపే రైలు కదిలింది.

బాబాయ్, మఫ్లర్ మడతలో 500 నోటు ఉంది. మీరు చూసుకోలేదనుకుంటా. అకౌంట్ నంబరు పంపండి, వేసేస్తా.

---

బ్యారన్_బాబాయ్ | టంగుటూరు | డిసెంబరు 7, ఉదయం 5:30

చూసుకునే పెట్టాను. ఉన్ని సాక్సులు ఇంకో జత కొనుక్కో.